పాత పడవ మోటారులో ప్రొపెల్లరు జారుతుంటే

మర్హూం నాన్నగారు వాడిన అవుట్‌బోర్డు మోటారు ఒకటి చాలా ఏళ్ళు మా ఇంటి వెనుక వసారాలో గోనెపట్టా కప్పుకొని పడి ఉండేది. 1960ల నాటిది, రెండు సిలిండర్లది, 10 అశ్వశక్తుల మోటారు. పక్క పేటలో ఉండే ఒక మత్స్యకారుడి మోటారు తుఫానులో పోయిందని తెలిసి, దీన్ని బాగుచేయించి ఆయనకు ఇచ్చేద్దామని అన్నదమ్ములం అనుకున్నాం. ఒక షెడ్డులో ఇచ్చాం. పిస్టన్ రింగులు మార్చారు, కార్బురేటరు కడిగారు, పైన నీలం రంగు కొట్టారు. నీళ్ళు నింపిన డ్రమ్ములో ప్రొపెల్లరు ముంచి తాడు లాగితే రెండో లాగుకే అందుకుంది. చూడముచ్చటగా ఉంది. బిల్లు కట్టి తెచ్చుకున్నాం.

ఇచ్చే ముందు నీటిలో ఒకసారి చూద్దామని కోరంగి వైపు పాయలోకి వెళ్ళాం. పడవలో మేమిద్దరం, ఆ మత్స్యకారుడు, ఆయన పద్నాలుగేళ్ళ కొడుకు. పాయలో నెమ్మదిగా వెళ్ళినంతసేపూ బాగానే ఉంది. పాయ కాకినాడ అఖాతంలో కలిసే చోటికి వచ్చి వెనక్కి తిప్పాం. అప్పటికి ఆటు మొదలై నీరు బయటికి బలంగా లాగుతోంది. ఎదురెక్కాలని పూర్తిగా రేజ్ ఇచ్చాం. మోటారు ఒక్కసారిగా కీచుమని అరిచింది. పడవ ముందుకు పోవాల్సింది పోయి, ఒడ్డున ఉన్న మడచెట్లు మమ్మల్ని దాటి ముందుకు పోతున్నాయి. అంటే మేము సముద్రం వైపు జారిపోతున్నాం. భయంతో ఇంకా రేజ్ ఇచ్చాం. ఇంకా గట్టిగా అరిచింది, ఇంకా వెనక్కి పోయాం.

"తగ్గించండి బాబూ, తగ్గించండి. గట్టిగా తిప్పేకొద్దీ అది పట్టు వదిలేస్తంది" అంటూ ఆ మత్స్యకారుడు మా చెయ్యి తీసేసి, రేజ్ పావు వంతుకు దించాడు. మోటారు గొంతు మారింది. పడవకు కొంచెం ఊపు వచ్చింది. ఆ ఊపుతో ప్రవాహానికి ఎదురెక్కడం కుదరదని ఆయనకు తెలుసు. అందుకని అడ్డంగా, ఏటవాలుగా ఒడ్డు వైపు తిప్పి మడచెట్ల వేళ్ళ దాకా తెచ్చాడు. కుర్రవాడు గెడ దించాడు. పోటు తిరిగేదాకా అక్కడే ఒక కొమ్మకు తాడు కట్టుకొని కూర్చున్నాం.

మేము ఇవ్వబోయిన మోటారు అది. ఆయన ఒక్కడే ఉన్నప్పుడు, చీకట్లో, తీరానికి నాలుగు మైళ్ళ అవతల ఆ పని చేసి ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కరలేదు. ఇలాంటి పాత మోటార్లు ఇచ్చేవారు, పుచ్చుకునేవారు మనలో ఉన్నారు కాబట్టి, ఆ తర్వాత మేము నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాం.

ముందుగా ఒక మాట స్పష్టం చేసుకోవాలి. ప్రొపెల్లరు జారడం అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి జబ్బు కాదు, రెండోది జబ్బు. ఈ రెంటినీ కలిపేయడం వల్లనే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు.

మొదటిది చూద్దాం. చెక్కలోకి స్క్రూ తిప్పితే ఒక్కో చుట్టుకు మర ఎంత ఏటవాలుగా ఉంటే అంత దూరం లోపలికి పోతుంది. ప్రొపెల్లరూ నీటిలో అలాగే పోవాలని దాన్ని కనిపెట్టినవాళ్ళు ఆశపడ్డారు. ఇంగ్లండులో ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్, స్వీడన్ నుంచి వెళ్ళిన జాన్ ఎరిక్‌సన్ ఇద్దరూ 1836లోనే పేటెంట్లు తీసుకున్నారు. స్మిత్ చేసింది కొయ్యతో, నిజంగానే పొడుగాటి మరలాగా ఉండేది. లండను దగ్గర కాలువలో నడుపుతుండగా అది దేనికో తగిలి సగం విరిగిపోయింది. పడవ ఆగిపోవాలి కదా, అంతకు ముందుకంటే వేగం పెరిగింది. పొడుగాటి మర కన్నా పొట్టి రెక్కలే నయమని ఆ విరిగిన ముక్క వల్ల తెలిసింది. 1845లో బ్రిటిషు నౌకాదళం రాట్లర్ అనే ప్రొపెల్లరు ఓడనూ, అలెక్టో అనే చక్రాల ఓడనూ వెనుక భాగాలు కలిపి కట్టి లాగించింది. రాట్లర్ రెండో దాన్ని ఈడ్చుకుపోయింది.

అయితే నీరు చెక్క కాదు. రెక్క వెనక్కి తోస్తే నీరు కొంత వెనక్కి పోతుంది. అది వెనక్కి పోతేనే పడవ ముందుకు పోతుంది. కనుక లెక్క ప్రకారం పోవలసిన దూరానికీ, నిజంగా పోయిన దూరానికీ ఎప్పుడూ తేడా ఉంటుంది. ఆ తేడానే జారుడు అంటారు. అది సున్నా అయితే తోపుడూ సున్నాయే.

లెక్క ఎలా వేయాలంటే: ప్రొపెల్లరు మీద సాధారణంగా రెండు అంకెలు ఉంటాయి. మొదటిది వ్యాసం, రెండోది పిచ్, అంటే ఒక చుట్టుకు పోవలసిన దూరం, అంగుళాల్లో. పిచ్ 8 అంగుళాలనుకోండి, అంటే సుమారు 20 సెంటీమీటర్లు. ఇంజను నిమిషానికి 4000 చుట్లు తిరుగుతోంది. కింది గేర్ల పెట్టెలో ఇంజను రెండు చుట్లు తిరిగితే ప్రొపెల్లరు ఒక చుట్టు తిరుగుతుందనుకుందాం. అప్పుడు ప్రొపెల్లరు 2000 చుట్లు తిరుగుతుంది. నిమిషానికి 406 మీటర్లు, గంటకు 24 కిలోమీటర్ల పైచిలుకు. సెల్‌ఫోనులో వేగం చూస్తే 19 లేక 20 కనిపిస్తుంది. జారుడు 20 శాతం అన్నమాట. తేలికైన పడవలకు 10 నుంచి 25 శాతం దాకా మామూలే. బరువు వేసిన వలపడవలకు అంతకంటే బాగా ఎక్కువే ఉంటుంది, దానికి కంగారు పడనక్కరలేదు. వేగం కొలిచేటప్పుడు ప్రవాహానికి ఎదురుగా ఒకసారి, ప్రవాహంతో పాటు ఒకసారి పోయి సగటు తీసుకోవాలి. లేకపోతే ఏటి వేగాన్ని కూడా మోటారు ఖాతాలో రాసినట్టవుతుంది.

నిన్నటిదాకా 20 శాతం ఉన్నది ఇవాళ 60 అయితే మాత్రం, అది రెండో రకం.

మా మోటారును మా బంధువుల్లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాం. రేవులో లాంచీలకు ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యారు. అందరం చాచా అంటాం. ఆయన మోటారు మూత కూడా తీయలేదు. ఒకే ఒక్క ప్రశ్న అడిగారు.

"పడవ ఊపు తగ్గినప్పుడు ఇంజను చప్పుడు పెరిగిందా, తగ్గిందా?"

"పెరిగింది చాచా. అరిచింది."

"అయితే పై భాగానికి ఏ జబ్బూ లేదు బేటా. రింగులకు పెట్టిన డబ్బు దండగ."

ఈ ఒక్క ప్రశ్నతో సగం పని తేలిపోతుంది. పడవ వేగం తగ్గి ఇంజను చుట్లు కూడా తగ్గితే ఇంజనులో బలం లేదు. ఒక సిలిండరు మండటం లేదేమో, ప్లగ్గు, కార్బురేటరు, పెట్రోలు చూసుకోవాలి. లేదంటే పడవ అడుగున గుల్లలు పట్టి ఉంటాయి, ఫైబరు గోడల మధ్య నీరు చేరి బరువెక్కి ఉంటుంది. వేగం తగ్గి చుట్లు పెరిగితే మాత్రం ఇంజను బాగానే ఉంది, ఆ బలం నీటికి చేరడం లేదు. మేము షెడ్డుకు ఇచ్చినప్పుడు "బాగా లాగడం లేదు" అని మాత్రమే చెప్పాం. అసలు నీటిలో నడిపి చూడకుండానే, నాన్నగారు ఎప్పుడో అన్న మాట గుర్తుపెట్టుకొని చెప్పాం. వాళ్ళు విన్నదానికి వాళ్ళకు తోచిన మందు వేశారు. తప్పు సగం మాదే.

డ్రమ్ము పరీక్ష ఎందుకు మోసం చేసిందో కూడా చాచా చెప్పారు. డ్రమ్ములో సగం రేజు దాటించలేం, నీళ్ళన్నీ బయటికి చిమ్ముతాయి. ప్రొపెల్లరును తిప్పడానికి కావలసిన మెలి బలం చుట్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది. సగం చుట్లకు నాలుగో వంతు బలం చాలు. అందుకే పావు రేజులో పట్టుకున్నది, పూర్తి రేజులో వదిలేస్తుంది. ఆ మత్స్యకారుడికి ఈ లెక్క తెలియదు, చేతికి తెలుసు.

ఇంజను బలం నీటికి చేరే దారిలో ఎక్కడెక్కడ తెగవచ్చు? ఇంజను నుంచి నిలువు కడ్డీ ఒకటి కిందికి దిగుతుంది. అడుగున గేర్లు దాన్ని అడ్డంగా ఉన్న ప్రొపెల్లరు కడ్డీకి మళ్ళిస్తాయి. పాత చిన్న మోటార్లలో ఆ కడ్డీకి అడ్డంగా రంధ్రం ఉండి, అందులో ఒక చిన్న పిన్ను దూర్చి ఉంటుంది. ఆ పిన్నే ప్రొపెల్లరును తిప్పుతుంది. రెక్క రాయికో దుంగకో తగిలితే పిన్ను తెగి గేర్లను కాపాడుతుంది. దీన్ని షియర్ పిన్ను అంటారు. 1950ల నుంచి వచ్చిన చాలా మోటార్లలో పిన్నుతో పాటు ఇంకో రక్షణ కూడా ఉంది. ప్రొపెల్లరు నడిమి బొడ్డులో రెండు గొట్టాలు ఒకదానిలో ఒకటి ఉంటాయి, మధ్యలో బిగువుగా దట్టించిన రబ్బరు ఉంటుంది. లారీ స్ప్రింగుపట్టీలకు వేసే సైలెంట్ బుష్ చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది, కట్టుబడి అదే. పెద్ద దెబ్బ తగిలితే రబ్బరు జారి ఆ దెబ్బను మింగుతుంది. కొత్తగా ఉన్నప్పుడు మామూలు నడకలో జారదు. నలభై యాభై ఏళ్ళకు రబ్బరు గట్టిపడి కుంచించుకుపోతుంది. అప్పుడు దెబ్బ తగలకుండానే జారుతుంది.

పరీక్షలకు పోయే ముందు ఒక జాగ్రత్త. ప్రొపెల్లరు మీద చెయ్యి వేసేముందు స్పార్క్ ప్లగ్గుల తీగలు ఊడదీయాలి. గేరులో ఉన్న పాత మోటారు ప్రొపెల్లరును చేత్తో తిప్పితే ఇంజను అంటుకునే ప్రమాదం ఉంది. వేళ్ళు పోతాయి. చాచా కుడిచేతికి ఒక వేలు సగమే ఉంది. ఎందుకో మేము అడగలేదు, ఆయన చెప్పలేదు. ప్లగ్గు తీగలు మాత్రం తానే తీశారు.

తీగలు తీశాక గేరు వేసి ప్రొపెల్లరును తిప్పాలి. పైన ఫ్లైవీలు కూడా కదిలితే దారి మొత్తం కలిసే ఉంది. కడ్డీ కదలకుండా ప్రొపెల్లరు ఒక్కటే వదులుగా తిరిగితే పిన్ను తెగింది. కడ్డీ కూడా తిరుగుతూ ఫ్లైవీలు కదలకపోతే గేరు పడటం లేదు, లేదా నిలువు కడ్డీ పైకొస పళ్ళు అరిగిపోయాయి. మాది మొత్తం కదిలింది. ఇక్కడే చాలామంది "అంతా బాగుంది" అనుకొని ఆగిపోతారు. చేతి బలానికి రబ్బరు జారదు. 10 అశ్వశక్తుల మోటారు పైన చెప్పిన లెక్కలో పూర్తి చుట్ల మీద ఉన్నప్పుడు ప్రొపెల్లరు కడ్డీ మీద ఉండే మెలి బలం, ఒక మీటరు కర్ర చివర మూడున్నర కిలోల పైచిలుకు బరువు వేలాడదీసినంత. రెక్క నడిమి నుంచి పది సెంటీమీటర్ల దగ్గర చేత్తో అదే బలం చూపాలంటే 36 కిలోలతో తొయ్యాలి. ఎవరూ అంత తొయ్యరు.

గేర్ల జబ్బును చప్పుడును బట్టి పట్టుకోవచ్చు. గేరు పళ్ళ అంచులు అరిగి జారుతుంటే కటకటమని కొట్టుకుంటుంది, హ్యాండిలు చేతిలో అదురుతుంది. రబ్బరు జారితే ఆ కొట్టుడు ఉండదు. ఇంజను నున్నగా ఎగిసి అరుస్తుంది, అంతే.

ఇక రబ్బరు సంగతి తేల్చడానికి అన్నింటికంటే సులువైన పని గీత గీయడం. ప్రొపెల్లరు వెనుక వైపు నట్టు, మూత తీస్తే లోపలి గొట్టం అంచూ, బయటి బొడ్డు అంచూ కనిపిస్తాయి. రెంటి మీదుగా ఒకే తిన్నని గీత ఆకురాయితో గీయాలి, లేదా తెల్ల రంగు పుయ్యాలి. బిగించి నీటిలోకి తీసుకెళ్ళి, ఒడ్డుకు దగ్గరగా, తెడ్లు దగ్గర పెట్టుకొని, ఒకసారి గట్టిగా రేజ్ ఇవ్వాలి. తిరిగి వచ్చి చూస్తే గీత రెండు ముక్కలై చెరో చోట ఉంటే రబ్బరు జారినట్టే. ఇందులో వాదనకు తావు లేదు.

మళ్ళీ నీటిలోకి పోవడానికి మాకు మనసొప్పలేదు. అందుకు చాచా ఇంటి పెరట్లోనే ఇంకో మార్గం చూపారు. ప్రొపెల్లరు ఊడదీశారు. కడ్డీ మందం ఉన్న ఇనుప రాడ్డుకు పిన్ను రంధ్రం వేయించి, దాన్ని అడ్డంగా వైసులో బిగించి, ప్రొపెల్లరు దానికి తొడిగారు. రెక్కలకు మీటరు పొడవు చెక్క ఒకటి తాళ్ళతో బిగించారు. చెక్క చివర బకెట్టు కట్టి చెంబుతో నీళ్ళు పోస్తూ వచ్చారు. బకెట్టుతో కలిపి కిలోన్నర అయ్యేసరికి చెక్క మెల్లగా కిందికి వాలిపోయింది. చెక్క సొంత బరువు కలుపుకున్నా, కావలసిన దానికి చాలా తక్కువ. మూడు వంతుల రేజు దాటగానే మాది ఎందుకు అరిచిందో ఆ బకెట్టు చెప్పింది.

మూడు చెంబుల నీళ్ళతో తేలే విషయానికి మేము పిస్టన్ రింగులు మార్పించాం!

జబ్బు తెలిశాక మందు. ఇక్కడ కొందరు చేసే పని ఒకటుంది. బొడ్డులోంచి లోపలి గొట్టం దాకా రంధ్రాలు వేసి బోల్టులు దిగగొడతారు. ఇక జన్మలో జారదు. జారదు గానీ, రాయి తగిలిన రోజున ఆ దెబ్బ నేరుగా గేర్లకు పోతుంది. పాత మోటారు గేర్లు దొరకడం రబ్బరు దొరకడం కన్నా ఎన్నో రెట్లు కష్టం. తెగిన షియర్ పిన్ను చోట మేకు కొట్టడం కూడా ఇలాంటిదే. మెత్తని మేకయితే వంగి రంధ్రంలో ఇరుక్కుపోతుంది, తీయడానికి డ్రిల్లు పెట్టాలి. విరిగిన డ్రిల్లు బిట్టు ముక్క లాంటి గట్టి ఉక్కయితే గేర్ల మీదికే తెస్తుంది. ఆ మోటారుకు ఏ లోహపు పిన్ను, ఎంత మందం చెప్పారో అదే వేయాలి. నాలుగైదు పిన్నులు ఒక చిన్న డబ్బాలో మోటారు దగ్గరే ఉంచుకోవాలి, వాటితోపాటు స్ప్లిట్ పిన్నులూ, ఒక పటకారూ.

సరైన మార్గాలు రెండే. సరిపోయే ఇంకో ప్రొపెల్లరు సంపాదించడం, లేదా ఉన్నదానికి రబ్బరు మార్పించడం. మాకు మొదటిది దొరకలేదు. బస్సుల బుష్‌లకు రబ్బరు పోసే ఒక చిన్న కార్ఖానాలో లోపలి గొట్టానికి కొత్త రబ్బరు అంటించి ఇచ్చారు. రబ్బరు బయటి కొలత బొడ్డు లోపలి కొలత కన్నా పెద్దదిగా ఉండాలి, బిగువే దాని బలం. దాన్ని దూర్చడానికి సాలెలాంటి గొట్టం లేతు మీద చేయించి, సబ్బు నీళ్ళు రాసి, ప్రెస్సు మీద నెమ్మదిగా దించారు. గ్రీజు, ఆయిలు మాత్రం రాయకూడదు. సబ్బు నీరు ఆరిపోతుంది, నూనె ఆరదు. కొత్త రబ్బరు కూడా నూనె మీద జారుతూనే ఉంటుంది, పైగా నూనె రబ్బరును తినేస్తుంది. పాత రబ్బరును కాల్చి తీసే అలవాటు కూడా మంచిది కాదు. ఆ పొగ విషం, వేడికి అల్యూమినియం బొడ్డు మెత్తబడుతుంది.

ఒక రోజంతా ఆరనిచ్చాక మళ్ళీ బకెట్టు కట్టాం. ఎనిమిది కిలోల దాకా పోశాం. చెక్క కొంచెం వంగింది, గీత కదలలేదు.

రబ్బరు, పిన్ను రెండూ బాగుండి కూడా ఇంజను అరుస్తుంటే అప్పుడు గాలి సంగతి చూడాలి. రెక్కలు నీటితో పాటు పైనుంచి గాలిని లాక్కుంటే పట్టు పోతుంది. ఇది ఎక్కువగా మలుపుల్లో, అలల మీద, పడవ ముందు భాగం బరువెక్కి వెనుక లేచినప్పుడు వస్తుంది. వెనక తెల్లని నురగ ఎగజిమ్ముతుంది. రేజ్ తగ్గించి తిన్నగా పోనిస్తే పోతుంది. కారణం సాధారణంగా మోటారు ఎత్తుగా కట్టడం. ప్రొపెల్లరు పైన అడ్డంగా ఒక రేకు రెక్క ఉంటుంది, అది పడవ అడుగు మట్టానికి సమానంగా గానీ, ఒక అంగుళం లోపు కిందికి గానీ ఉండాలి. మోటార్లలో పొట్టి కాలువి 15 అంగుళాల వెనుక పలకకు, పొడుగు కాలువి 20 అంగుళాల పలకకు చేస్తారు. మన తీరంలో ఫైబరు పడవల వెనుక భాగం ఎత్తు. దానమిచ్చిన పాత మోటారు పొట్టి కాలుదైతే ప్రొపెల్లరు నీటి పైమట్టానికి దగ్గరగా ఉండిపోతుంది. ఎంత మంచి రబ్బరు వేసినా లాభం లేదు. ఇచ్చే ముందు టేపు పెట్టి పడవను కొలవడం ఐదు నిమిషాల పని.

దీన్నే చాలామంది కావిటేషన్ అంటారు. నిజానికి అది వేరు. రెక్క వీపు మీద ఒత్తిడి బాగా పడిపోతే నీరే చల్లగా ఉండగానే ఆవిరి బుడగలవుతుంది, అవి మళ్ళీ పగిలేటప్పుడు లోహాన్ని కొరుకుతాయి. ఇంగ్లండులో చార్లెస్ పార్సన్స్ 1894లో కట్టిన టర్బీనియా అనే ఓడ మొదట దీని వల్లనే ఆశించిన వేగం అందుకోలేకపోయింది. ఆయన తొట్టెలో చిన్న ప్రొపెల్లర్లు తిప్పి బుడగలను కళ్ళారా చూశాడు. చివరికి మూడు కడ్డీలు, కడ్డీకి మూడేసి ప్రొపెల్లర్లు పెట్టి 1897లో నౌకాదళం ప్రదర్శనలో అందరినీ దాటి పరుగెత్తించాడు. మన చిన్న మోటార్లలో రెక్క అంచులు రాళ్ళకు తగిలి సొట్టలు పడితే ఆ సొట్టల వెనుక ఇది మొదలవుతుంది. సొట్ట పక్కన కాలినట్టు గరుకు మచ్చ కనిపిస్తుంది. ఆకురాయితో అంచు నున్నగా చేస్తే సరిపోతుంది, కానీ ఏటా ఆకురాయి పడితే రెక్క పొట్టిదవుతుంది, ఇంజను హద్దు మీరి తిరుగుతుంది. అప్పుడు ప్రొపెల్లరు మార్చాలి. మార్చేటప్పుడు పిచ్ ఒక అంగుళం తగ్గితే ఇంజను చుట్లు సుమారు 150 నుంచి 200 దాకా పెరుగుతాయని గుర్తుంచుకుంటే చాలు. బరువు మోసే పడవకు తక్కువ పిచ్ నప్పుతుంది.

ప్రొపెల్లరు ఎలాగూ ఊడదీస్తాం కాబట్టి దాని వెనుక కడ్డీకి వల తాళ్ళు, గాలపు తీగ చుట్టుకున్నాయేమో చూడాలి. అవి నూనె సీలును కోసేస్తాయి. గేరు పెట్టె అడుగు స్క్రూ తీసి ఒక బొట్టు నూనె వేలి మీద చూడండి. పాలలా తెల్లగా ఉంటే నీరు చేరింది. మాది తెల్లగానే ఉంది. సీలు కూడా మార్పించాం.

నీటి మీద ఉండగా జారడం మొదలైతే ఏం చేయాలి? ఆ మత్స్యకారుడు చేసిందే. రేజ్ తగ్గించాలి. అరుస్తున్న కొద్దీ రబ్బరు రాపిడికి వేడెక్కి ఉన్న పట్టు కూడా పోతుంది. పావు రేజులో పట్టు దొరికితే ప్రవాహంతో పోట్లాడకుండా దగ్గరి ఒడ్డు వైపు అడ్డంగా పోవాలి. అదీ కుదరకపోతే వెంటనే లంగరు వేయాలి, లోతులోకి పోయాక కాదు. తెడ్లు, గెడ, లంగరు లేకుండా పాత మోటారు మీద పాయ దాటకూడదు. మేము ఆ రోజు తెడ్లు ఇంట్లో వదిలేశాం, మోటారు కొత్తగా బాగైంది కదా అని. గెడ ఆయన తెచ్చుకున్నది.

రెండోసారి పరీక్షకు పోటు మొదలైన వేళ చూసుకొని వెళ్ళాం. నీరు లోపలికి వస్తోంది, ఏది చెడినా పాయలోకే తోస్తుంది. వసారాలోని తెడ్లు ఈసారి పడవలో ఉన్నాయి. చాచా కూడా వస్తానన్నారు. ఒడ్డు వెంట ముప్పావు గంట నడిపాం, చివరి పది నిమిషాలు పూర్తి రేజులో. ఫోనులో వేగం రెండు వైపులా చూసి కాగితం మీద రాసుకున్నాం. ఒడ్డుకు వచ్చాక మూత తీసి చూస్తే తెల్ల గీత గీసినచోటే ఉంది. కుర్రవాడు దాని మీద వేలు పెట్టి చూసి, "ఇది చెరిగిపోతే మళ్ళీ గియ్యాలా సాయిబు గారూ?" అని చాచాను అడిగాడు. గియ్యాలన్నారు.

మోటారు ఇచ్చేటప్పుడు దానితోపాటు ఒక డబ్బా ఇచ్చాం. అందులో ఆరు షియర్ పిన్నులు, స్ప్లిట్ పిన్నులు, పటకారు, చిన్న సీసాలో తెల్ల రంగు, ఒక కుంచె ఉన్నాయి.